చంపినవాడి నోట: డాక్యుమెంటరీ సినిమా, సీమ కక్షలు

మూకుమ్మడి హత్యలు చేసినవాళ్లు కెమెరా ముందు కూర్చుని, చేసిన పనిని తామే చెప్పుకునే డాక్యుమెంటరీలు 1960ల నుంచి సినిమాలో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగాయి. హింస మీద తీసే చిత్రాల్లో మామూలుగా బాధితులు మాట్లాడతారు, హంతకుడు ఎక్కడో కనపడకుండా ఉంటాడు. వీటిలో ఆ వరస తిరగబడుతుంది. మాట్లాడేది హంతకుడే. అదీ జంకు లేకుండా, ఒక్కోసారి నవ్వుతూ, ఒక్కోసారి ఎలా చంపాడో చేసి చూపిస్తూ.

ఈ చిత్రాలను కర్నూలు, కడప జిల్లాల ఫ్యాక్షన్ చరిత్ర పక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. పరిమాణంలో రెంటికీ పోలిక లేదు. ఇండోనేషియాలో 1965-66 కమ్యూనిస్టు వ్యతిరేక ఊచకోతల్లో చనిపోయినవాళ్లు ఐదు లక్షలకు తగ్గరని చరిత్రకారుల అంచనా. పల్లె కక్షలను జాతి నిర్మూలనతో తూచడం తప్పు. పోలిక వేరేచోట ఉంది. చంపినవాడు ఊరు విడిచి పారిపోడు. తలెత్తుకుని అదే వీధిలో తిరుగుతాడు, ఓట్లడుగుతాడు, పెళ్లిళ్లకు పెద్దగా వస్తాడు. చనిపోయినవాడి భార్యాబిడ్డలు ఆ వీధిలోనే బతకాలి.

కక్షల నేల

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలుగా పేరుపడ్డ ఈ నేలకు 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ముందున్న మొదటి పని పాలెగాళ్ల బలగాలను అణచడం. కోటలు పోయాయి, కొందరికి భరణాలు మిగిలాయి. ఆ భరణం విషయంలోనే రగిలి 1846లో కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరితీశారు. సీమ కక్షలకు మూలం పాలెగాళ్లేనని చెప్పే అలవాటు పాత్రికేయులకూ సినిమా రచయితలకూ బాగా ఉంది. ఇది సగం నిజమే. పాలెగాడి వారసత్వం పౌరుషం గురించి చెప్పుకునే కథల్లో మిగిలింది. కొడవలి పట్టించింది మాత్రం ఇరవయ్యో శతాబ్దపు లెక్కలు. సర్పంచి పదవి, సమితి ప్రెసిడెంటు పదవి, సారా పాటలు, రోడ్లు కాలువల కాంట్రాక్టులు, అప్పటి కడప జిల్లాలో మంగంపేట ముగ్గురాయి గనులు. మానవ హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ చాలా ఏళ్లు వాదించింది ఇదే: ఊరి పెద్దరికం కోసం మొదలైన తగాదా, ప్రభుత్వ డబ్బు పల్లెల్లోకి రావడంతో జిల్లా రాజకీయంగా మారింది. నా దృష్టిలో కరువు, రోషం లాంటి వివరణలకంటే ఇదే గట్టిది. వానలు పడని జిల్లాలు దేశంలో చాలా ఉన్నాయి. అన్నిచోట్లా గడ్డివాముల్లో బాంబులు దాచలేదు.

పని జరిగే తీరు చాలా ఊళ్లలో ఒక్కటే. నాయకుడు, అతని వెనక మనుషులు. నాటు బాంబులు వేసి అవతలివాళ్ల జీపును ఆపడం, ఆగాక వేటకొడవళ్లతో దిగడం. కేసు పెట్టేటప్పుడు అక్కడ ఉన్నవాళ్లతోపాటు లేనివాళ్ల పేర్లూ ముద్దాయిల జాబితాలోకి ఎక్కుతాయి, అవతలి పార్టీలో సంపాదించే మగవాడు మిగలకూడదు గనుక. జైలుకు పోయిన అనుచరుడి ఇంటికి బియ్యం, వకీలు ఫీజు నాయకుడి బాధ్యత. ఏళ్లు గడిచి రెండువైపులా డబ్బూ మనుషులూ తగ్గాక రాజీ. హత్య కేసును చట్టప్రకారం రాజీ చేసుకోవడానికి వీల్లేదు. కాబట్టి రాజీ అంటే అర్థం, సాక్షులు కోర్టులో మాట మార్చడం. నీ కేసులో మావాళ్లు చూడలేదంటారు, మా కేసులో మీవాళ్లు చూడలేదనండి. ఆ తర్వాత ఇరవైమంది చూస్తుండగా జరిగిన హత్యకు హంతకుడంటూ ఎవరూ ఉండరు.

కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతంలో దేవగుడి, గుండ్లకుంట కుటుంబాల వైరం, 1993లో హైదరాబాదులో మాజీ మంత్రి పొన్నపురెడ్డి శివారెడ్డి హత్య, 1998 మేలో పులివెందుల దగ్గర వై.ఎస్. రాజారెడ్డి హత్య ఈ చరిత్రలో అందరికీ తెలిసిన ఘట్టాలు. కర్నూలు జిల్లాలో పెద్ద దాడుల్లో ఒకటి 2008 మేలో జరిగింది. దేవనకొండ మండలం కప్పట్రాళ్లకు చెందిన ఫ్యాక్షన్ నాయకుడు వెంకటప్పనాయుడును, ఆయన వెంట ఉన్న పదిమందిని దారికాచి చంపారు. ఒక్క దాడిలో పదకొండు శవాలు. కొన్నేళ్ల తర్వాత జిల్లా ఎస్పీగా వచ్చిన ఆకే రవికృష్ణ ఆ ఊరినే దత్తత తీసుకున్నారు. ఒక ఎస్పీ ఊరిని దత్తత తీసుకోవలసి వచ్చిందంటే మిగతా ప్రభుత్వం అక్కడికి ఎంతవరకు చేరిందో వేరే చెప్పక్కర్లేదు.

కెమెరా ముందు హంతకుడు

ఈ శాఖలో మొదటి మైలురాళ్లలో ఒకటి తూర్పు జర్మనీ దర్శకులు హైనోవ్‌స్కీ, షాయ్‌మన్ 1966లో తీసిన ‘ది లాఫింగ్ మ్యాన్’. కాంగోలో కిరాయి సైనికుడిగా పనిచేసిన జీగ్‌ఫ్రీడ్ ముల్లర్, తనను పశ్చిమ జర్మనీ టీవీవాళ్లు ఇంటర్వ్యూ చేస్తున్నారనుకుని, యూనిఫాంలో కూర్చుని మందు తాగుతూ నవ్వుతూ అన్నీ చెప్పేశాడు. ఈ పద్ధతికి ఉన్న మచ్చ ఆదిలోనే పడింది. మోసం చేయకుండా నిజం రాబట్టలేమా? క్లాడ్ లాన్జ్‌మన్ తొమ్మిది గంటలకు పైగా నడిచే ‘షోవా’ (1985)లో ట్రెబ్లింకా మృత్యుశిబిరం మాజీ గార్డు సుకోమెల్‌ను రహస్య కెమెరాతో తీశాడు. పేరు బయటపెట్టనని మాటిచ్చి తెరమీద పేరు వేశాడు. దాన్ని తప్పుపట్టేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. నాకైతే ఆ మాట తప్పడం కంటే, ఆ ముసలాయన శిబిరం పాటను ఉత్సాహంగా పాడి వినిపించడమే ఎక్కువ గుర్తుంటుంది.

కంబోడియా నుంచి రెండు చిత్రాలు తప్పక చూడవలసినవి. రితీ పాన్ ‘ఎస్-21’ (2003)లో నాంపెన్‌లో ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టులు నడిపిన తువోల్ స్లెంగ్ జైలు మాజీ గార్డులను తిరిగి ఆ గదుల్లోకే తీసుకెళ్లాడు. వాళ్లు ఖాళీ గది తలుపు తీస్తారు, లేని ఖైదీల మీద అరుస్తారు, లేని గొలుసులు సరిచూస్తారు. దేహం మరిచిపోలేదు. అక్కడినుంచి ప్రాణాలతో బయటపడ్డ అతికొద్దిమందిలో ఒకడైన చిత్రకారుడు వాన్ నాథ్ వాళ్లను ప్రశ్నలు అడుగుతాడు. ఆజ్ఞ ప్రకారం చేశామంటారు. రెండోది ‘ఎనిమీస్ ఆఫ్ ది పీపుల్’ (2009). ఖ్మేర్ రూజ్ పాలనలో తల్లిదండ్రులనూ అన్ననూ పోగొట్టుకున్న పాత్రికేయుడు థెట్ సంబాత్, ఆ పార్టీలో రెండో స్థానంలో ఉన్న నువోన్ చియా నమ్మకం సంపాదించడానికి ఏళ్ల తరబడి ఆయన ఇంటికి తిరిగాడు. తన కుటుంబం సంగతి చివరిదాకా చెప్పలేదు. తర్వాత ఐక్యరాజ్యసమితి మద్దతుతో నడిచిన ట్రిబ్యునల్ టేపులు అడిగితే, మాట్లాడినవాళ్లకు ఇచ్చిన మాట ఉందని ఇవ్వలేదు.

లెబనాన్‌లో 1982 సబ్రా, షటీలా శరణార్థి శిబిరాల ఊచకోతలో పాల్గొన్న ఆరుగురిని ముఖాలు కనిపించకుండా తీసిన ‘మసాకర్’ (2004) దర్శకుల్లో ఒకరైన లోక్మాన్ స్లీమ్ 2021 ఫిబ్రవరిలో హత్యకు గురయ్యారు.

వీటన్నింటికంటే ఎక్కువ చర్చ లేపింది జాషువా ఒపెన్‌హైమర్ ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’ (2012). ఆయన ముందు సుమత్రాలోని తోటకూలీల్లో బతికి బయటపడ్డవాళ్ల గురించి చిత్రం తీయబోయాడు. సైన్యం అడ్డుపడింది. అప్పుడు బాధితులే, చంపినవాళ్లను తీయండి, వాళ్లు దాచుకోరు, గర్వంగా చెప్తారు అన్నారు. అలాగే జరిగింది. నలభైమందిని తీశాక మేదాన్ పట్టణంలో నలభై ఒకటోవాడిగా అన్వర్ కాంగో దొరికాడు. కుర్రతనంలో సినిమాహాలు దగ్గర బ్లాకులో టికెట్లు అమ్మిన రౌడీ. అమెరికన్ సినిమాల్లోని గ్యాంగ్‌స్టర్లను చూసి నడక, దుస్తులు నేర్చుకున్నవాడు. రక్తం ఎక్కువ కారకుండా ఇనుప తీగతో గొంతు బిగించే పద్ధతిని మేడమీద చూపించి, అక్కడే చా-చా-చా నృత్యం చేస్తాడు. దర్శకుడు ఆ పాత హత్యలను మీకు నచ్చిన సినిమా ఫక్కీలో మీరే నటించి చూపించమన్నాడు. అన్వర్, అతని స్నేహితులు సంబరంగా తీశారు. చిత్రం చివర్లో అన్వర్ అదే మేడమీద వాంతి రాబోయి ఆగుతున్నట్టు డోకుతాడు. అది పశ్చాత్తాపమా, కెమెరా ముందు మరో నటనా అన్నది విమర్శకులు ఇంకా తేల్చలేదు. తేల్చక్కర్లేదనే నా అభిప్రాయం. చిత్రానికి పనిచేసిన ఇండోనేషియన్లలో చాలామంది పేర్లు టైటిల్స్‌లో ‘అజ్ఞాత’ అనే పడ్డాయి. హంతకులకు పేరుంది, కెమెరా సహాయకుడికి లేదు. ఆ దేశంలో ఎవరిది పైచేయో దానికంటే స్పష్టంగా చిత్రంలో ఇంకే దృశ్యమూ చెప్పదు.

దాని జంట చిత్రం ‘ది లుక్ ఆఫ్ సైలెన్స్’ (2014) నాకు ఇంకా గొప్పది. కళ్లద్దాలు అమర్చే ఆది రుకున్, తన అన్నను చంపినవాళ్ల ఇళ్లకు వెళ్లి కళ్లు పరీక్షిస్తూ, ఆ రోజు ఏం జరిగిందని అడుగుతాడు. పక్క పక్క ఇళ్లలో యాభై ఏళ్లు బతికిన హంతకుడు, బాధితుడు. గతాన్ని తవ్వొద్దని కొందరు మెత్తగా, కొందరు బెదిరింపుగా చెప్తారు. జమ్మలమడుగులోనో పత్తికొండలోనో పెరిగినవాళ్లకు ఆ గొంతు కొత్తగా ఉండదు.

మన దేశంలో

తెలుగు నేల మీద తీసిన వాటిలో ఈ కోవకు దగ్గరగా వచ్చేది దీపా ధన్‌రాజ్ ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ (1986). 1984లో హైదరాబాదు పాతబస్తీ మతకలహాలు, కర్ఫ్యూ, గణేశ్ ఊరేగింపు నడుమ తీసిన ఆ చిత్రంలో, రెచ్చగొట్టే నాయకులు కెమెరాను చూసి గొంతు తగ్గించరు. గుజరాత్ అల్లర్ల మీద రాకేశ్ శర్మ తీసిన ‘ఫైనల్ సొల్యూషన్’ (2004)కు సెన్సారు బోర్డు మొదట సర్టిఫికెట్ నిరాకరించింది. కాపీలు తీసి పంచుకోండని దర్శకుడే జనానికి పిలుపిచ్చాడు.

హంతకుడి నోట నేరుగా విన్నది మాత్రం మన దగ్గర డాక్యుమెంటరీల కంటే స్టింగ్ ఆపరేషన్లలోనే. 2007లో తెహెల్కా తరఫున ఆశిష్ ఖేతాన్ రహస్య కెమెరాతో గుజరాత్ నిందితులను మాట్లాడించాడు. వాళ్లలో ఒకడైన బాబూ బజరంగీ చెప్పుకున్న గొప్పలను నరోదా పాటియా కేసులో (97 హత్యలు) ప్రత్యేక కోర్టు 2012 తీర్పులో సాక్ష్యంగా తీసుకుంది. 2015లో కోబ్రాపోస్ట్ విలేఖరి బీహారులో భూస్వాముల ప్రైవేటు సైన్యమైన రణవీర్ సేన మాజీ కమాండర్ల దగ్గరికి, మీమీద సినిమా తీస్తానంటూ వెళ్లాడు. 1997లో 58 మంది దళితులు చనిపోయిన లక్ష్మణ్‌పూర్ బాథే కేసులో పాట్నా హైకోర్టు నిందితులను 2013లోనే వదిలేసింది. సేన చేసిన ఆ మారణకాండ గురించి ఈ కమాండర్లు సినిమా మనిషి ముందు దర్జాగా మాట్లాడారు. సినిమా అనగానే నోరు విప్పడం సుమత్రాలోనే కాదు, బీహారులోనూ పనిచేసింది.

లెస్లీ ఉడ్విన్ ‘ఇండియాస్ డాటర్’ (2015) మూకుమ్మడి హత్యల గురించి కాదు గానీ, తీహార్ జైల్లో ఢిల్లీ అత్యాచార దోషి ఏ జంకూ లేకుండా ఇచ్చిన ఇంటర్వ్యూ వల్ల దేశంలో దాని ప్రసారాన్ని ఆపేశారు. హంతకుడికి వేదిక ఇవ్వొచ్చా అన్న ప్రశ్న మన పత్రికల్లో గట్టిగా నడిచింది అప్పుడే.

సీమ తెరమీద

సీమ కక్షలను తెలుగువాళ్లలో అత్యధికులు చూసింది కథాచిత్రాల్లో. ‘ప్రేమించుకుందాం రా’ (1997) దారి తెరిచింది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’ (2002), ‘ఇంద్ర’ (2002) దాన్ని రాజమార్గం చేశాయి. సుమోలు గాల్లోకి లేస్తాయి, హీరో తొడ కొడతాడు. ‘ఒక్కడు’ (2003)తో కర్నూలు కొండారెడ్డి బురుజు రాష్ట్రమంతటికీ ఫ్యాక్షన్ చిహ్నమైంది. పాపం, ఆ బురుజుకూ ఆ కొడవళ్లకూ సంబంధం లేదు. ఈ చిత్రాల్లో నరికేవాడు నీతిమంతుడు, నరకబడేవాళ్లు పేర్లు లేని లుంగీలవాళ్లు. నిజం కక్షల్లో చచ్చింది సరిగ్గా ఆ పేర్లు లేనివాళ్లే. నాయకుడి వెంట జీపెక్కిన బక్కరైతులు, కూలీలు. అన్వర్ కాంగో సినిమా చూసి హంతకుడి నడక నేర్చుకుంటే, ఇక్కడ హంతకుడి నడకను హీరోకు ఇచ్చారు. గొప్పలు చెప్పుకునే పని అసలు మనిషికి తప్పింది.

‘రక్తచరిత్ర’ (2010) మాత్రం నిజం మనుషులకు దగ్గరగా వెళ్లింది. కథ పక్క జిల్లా అనంతపురానిది. అక్కడ సినిమా, కెమెరా, హత్య ముడిపడిన తీరు ఏ డాక్యుమెంటరీలోనూ కనపడదు. తెలుగుదేశం నాయకుడు పరిటాల రవి తండ్రి జీవితం ఆధారంగా ‘శ్రీరాములయ్య’ చిత్రం మొదలుపెట్టిన రోజు, 1997 నవంబరులో హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో రవి లక్ష్యంగా కారుబాంబు పేల్చారు. ఇరవైమందికి పైగా చనిపోయారు. సినిమా ప్రారంభోత్సవాన్ని చిత్రీకరించడానికి వచ్చిన టీవీ సిబ్బందీ వాళ్లలో ఉన్నారు. రవి తప్పించుకున్నాడు. 2005 జనవరి 24న అనంతపురంలోని ఆ పార్టీ కార్యాలయంలో ఆయన్ను చంపారు. తర్వాత, పరారీలో ఉన్న నిందితుడు మొద్దు శీను టీవీ ఛానెళ్లతో మాట్లాడి, చంపింది తానేనని, బావ అని పిలుచుకునే, రవి ప్రత్యర్థి మద్దెలచెరువు సూరి కళ్లలో ఆనందం చూడటానికే చేశానని చెప్పాడు. ఆ మాటలో పశ్చాత్తాపం లేదు, భయం లేదు. పార్టీ, కాంట్రాక్టు, కులం ఊసు కూడా లేదు. తెలుగు తెరమీద పశ్చాత్తాపం లేని హంతకుడి వాంగ్మూలం ఏదైనా ఉందంటే అదే. దాన్ని ఏ దర్శకుడూ తీయలేదు, వార్తల మధ్య వచ్చిపోయింది. ఆ తర్వాత జనం దాన్ని జోకుగా వాడుకున్నారు. 2008లో శీనును అనంతపురం జైల్లో తోటి ఖైదీ చంపాడు. ‘రక్తచరిత్ర’ రెండో భాగం 2010 డిసెంబరు 3న విడుదలైంది. తెరమీద ఎవరి పాత్ర నడిచిందో ఆ సూరి, సరిగ్గా నెలకు, 2011 జనవరిలో హైదరాబాదులో సొంత అనుచరుడి తూటాకు పోయాడు.

‘అరవింద సమేత’ (2018) వచ్చేసరికి కథాచిత్రాల వరస కొంత మారింది. సీమ యాసను వెటకారానికి కాకుండా మాటకు వాడారు. భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ల గొంతుకు చోటిచ్చారు. పెంచల్ దాస్ రాసిన ‘రెడ్డమ్మ తల్లి’ పాట ఏడుపుపాట. ఆ ఆడవాళ్లకు కథా సాహిత్యంలో ముందే చోటుంది. కడప జిల్లా రచయిత కేతు విశ్వనాథరెడ్డి కక్షల ఊళ్లను బాంబుల చప్పుడు లేకుండా రాశారు.

ఇక్కడ తీస్తే

ఇండోనేషియా పద్ధతి సీమలో యథాతథంగా సాగదు. అక్కడ చంపినవాళ్లు ఒకవైపు, చచ్చినవాళ్లు ఒకవైపు. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ దండ వేసిన ఫొటో ఉంటుంది. ముందు ఎవరు మొదలుపెట్టారని ఎవరిని అడిగినా అవతలివాడి పేరే చెప్తారు, ఇద్దరూ తమకు తెలిసిన నిజమే చెప్తారు. తనను హంతకుడిగా ఎవడూ అనుకోడు. తండ్రి రుణం తీర్చుకున్న కొడుకు అనుకుంటాడు. కాబట్టి ఇక్కడ కెమెరా ముందు ముందుగా వచ్చేది గర్వం కాదు, లెక్క: ఏ సంవత్సరం, ఏ వంక దగ్గర, తమవైపు ఎంతమంది, అవతలివైపు ఎంతమంది. రెండో చిక్కు, కొడవలి పట్టినవాడు నాయకుడు కాదు. నాయకుడికి చెప్పుకోవడానికి ఎమ్మెల్యే పదవి, కట్టించిన బడి, తవ్వించిన చెరువు ఉంటాయి. పట్టినవాడికి జైలు, విరిగిన భుజం, గుంటూరు మిరపతోటలకు వలస పోయిన కొడుకు. ఒకే హత్య గురించి ఈ ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి తీయగలిగితే అది లాన్జ్‌మన్‌కూ ఒపెన్‌హైమర్‌కూ దొరకని చిత్రం అవుతుంది.

చట్టం పెద్ద అడ్డు కాదు.  నిర్దోషిగా బయటికొచ్చిన మనిషిని అదే నేరానికి రాజ్యాంగంలోని 20వ అధికరణం ప్రకారం మళ్లీ విచారించకూడదు. సాక్షులు మాట మార్చగా బయటపడ్డ డెబ్బై ఏళ్ల మనిషి ఇవాళ అరుగు మీద కూర్చుని చేసిందంతా చెప్పినా జైలుకు పోయే ప్రమాదం చాలావరకు ఉండదు. అతన్ని ఆపేది రాజీ. ఆ రోజు పెద్దమనుషుల ముందు, ఎవరూ చూడలేదు, ఎవరూ చేయలేదు అని రెండువైపులా ఒప్పుకున్నారు. ఇప్పుడు చేశానని ఒక్కడు నోరు జారితే, అవతలివైపు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ఆ వీడియోను తన ఫోన్లో చూస్తాడు.